ఊపిరి బిగబట్టడం, పీల్చుకోవడం: అక్షరాలా ఆచరించదలచిన వారికి సూచనలు

ఎన్నికలు ప్రశాంతంగా ముగియడంతో అధికారులు ఊపిరి పీల్చుకున్నారని పత్రికల్లో చదివినప్పుడల్లా, పొద్దున పోలింగ్ మొదలైనప్పటి నుంచి సాయంత్రం దాకా వారు ఏం చేసి బతికారన్న సందేహం నాకు కలుగుతుంది. నిమిషానికి 12 నుంచి 20 సార్లు చేయవలసిన పనిని సాయంత్రానికి వాయిదా వేయడం అందరివల్లా కాదు గనుక, ఇటువంటి మాటలను అక్షరాలా పాటించాలనుకునే వారి కోసం ఈ సూచనలు రాస్తున్నాను.

ఊపిరి బిగబట్టడానికి పరీక్షా ఫలితాలకు మించిన సందర్భం లేదు. మా మేనకోడలి పదో తరగతి ఫలితాలు వచ్చిన రోజున ఇంటిల్లిపాదీ ఒకే ఫోను చుట్టూ మూగి, హాల్ టికెట్ నంబరు కొట్టి, ఊపిరి బిగబట్టాము. తెర మీద చిన్న చక్రం తిరుగుతూనే ఉంది. కాసేపటికి బావగారి చెంపలు ఉబ్బి, పక్కటెముకల కింద పొట్ట దానంతటదే ఎగరడం మొదలుపెట్టింది. అక్కయ్య మాత్రం "ఇంకా రాలేదా?" అని అడిగి ఓడిపోయింది, ఊపిరి వదలకుండా మాట్లాడడం ఎవరికీ సాధ్యం కాదు మరి. ఆ సమయంలో మనిషిని తొందరపెట్టేది ప్రధానంగా రక్తంలో పేరుకునే కార్బన్ డయాక్సైడే. ముందుగా గబగబా శ్వాసించి దానిని తగ్గించుకుందామన్న తెలివి ఎవరికైనా తడితే, నీళ్లలో మాత్రం ప్రయోగించకూడదు. ఊపిరాడడం లేదన్న హెచ్చరిక అందకుండానే స్పృహ తప్పవచ్చు.

ఫలితం వచ్చాక ఊపిరి పీల్చుకోవాలి. చాలామంది పొరబడేది ఇక్కడే. బిగబట్టిన ఛాతీ అప్పటికే నిండి ఉంటుంది గనుక, మళ్లీ పీల్చడమంటే నిండు బిందెను కుళాయి కింద పెట్టడమే. బావగారు అదే చేసి దగ్గు తెచ్చుకున్నారు. మొదట వదలాలి, ఆ తరువాతే పీల్చాలి. గట్టిగా పీల్చి వదలడాన్ని మన భాష నిట్టూర్పు అని పిలిచి దుఃఖం ఖాతాలో వేసింది గాని, మనకు తెలియకుండానే గంటకు పలుమార్లు నిట్టూరుస్తూ ఉంటాము. ముడుచుకున్న గాలి గదులు తిరిగి తెరుచుకునేది ఆ లోతైన శ్వాసతోనే. కనుక పిల్ల పాసైనా నిట్టూర్చవచ్చు. ఎవరైనా ఏమైందని ఆరా తీస్తే ఊపిరితిత్తుల మరమ్మతు అని చెప్పాలి.

గుండె జారడం అన్నింటికన్నా సులువు. గుండెను చుట్టి ఉన్న పొర అడుగున, ఛాతీని పొట్టను వేరుచేసే కండరమైన ఉదరవితానానికి అతుక్కుని ఉంటుంది. నిండుగా గాలి పీల్చినప్పుడు ఉదరవితానం దిగుతుంది, దానితో పాటే గుండె కూడా కాస్త జారి, వదలగానే పైకి వస్తుంది. ఇందుకు అప్పులవాడు తలుపు తట్టవలసిన అవసరమే లేదు.

గుండెల్లో రైళ్లు పరిగెత్తించడాన్ని మాత్రం నేను ప్రోత్సహించను. మన బ్రాడ్‌గేజి పట్టాల మధ్య దూరం 1,676 మిల్లీమీటర్లు, గుండె చూస్తే పిడికిలంత. బొమ్మ రైలు పట్టినా, అక్కడి నాలుగు కవాటాలూ తిరుగు బండిని రానివ్వవు.

ఇక ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని బస్సు ఫుట్‌బోర్డు మీద వేలాడేవారు ఏ చేతిలో పెట్టుకోవాలో ముందే తేల్చుకోవాలి. ఒక చెయ్యి కడ్డీకి పోగా, రెండో దానిలో ప్రాణం ఉంటే టికెట్టుకు డబ్బు తీయడం కుదరదు. నాడి ఎలాగూ మణికట్టు దగ్గర, బొటనవేలి వైపున దొరుకుతుంది గనుక, ప్రాణాన్ని అక్కడే ఆపి అరచేతిని ఖాళీగా ఉంచుకోవడం మేలు. కండక్టరుగారు ప్రాణం ఇస్తామన్నా పుచ్చుకోరు, సరిపడా చిల్లరే అడుగుతారు.