అంబాసిడర్ కాయిల్ కొనేముందు ఓమ్స్ చూడండి

ఇగ్నిషన్ కాయిల్ (స్పార్క్ ప్లగ్గులకు హై వోల్టేజి ఇచ్చేది) మార్చిన నెలకే, డిస్ట్రిబ్యూటర్‌లో దాని కరెంటును తెంపి కలిపే పాయింట్లు నీలం రంగు తిరిగి మాడిపోతుంటే చాలా చిరాకు. మా పాత అంబాసిడర్‌కి రెండు జతల పాయింట్లు మార్చాకే కారణం దొరికింది.

షాపులోనే మల్టీమీటర్ 200 ఓమ్స్‌లో పెట్టి, కాయిల్ ప్లస్, మైనస్ మధ్య కొలవండి. మీటర్ వైర్లు రెండూ తాకిస్తే వచ్చే అంకెను అందులోంచి తీసేయాలి. సుమారు 3 ఓమ్స్ వస్తే నేరుగా 12 వోల్టులకు సరిపోతుంది. 1.5 వస్తే అది బల్లాస్ట్ రెసిస్టర్ (కాయిల్‌కి వెళ్లే కరెంటును తగ్గించేది) ఉన్న బండికి. మాకు పొరపాటున ఇచ్చింది అదే, అందుకే కరెంటు ఎక్కువై పాయింట్లు మాడాయి.

లోపల ఆయిల్ నింపిన కాయిల్ అయితే హైటెన్షన్ వైరు పెట్టే మూతి పైకి ఉండేలా నిలువుగా, సైలెన్సర్ వేడి తగలని చోట క్లాంప్ గట్టిగా బిగించండి.

పాయింట్లకు బదులు ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ కిట్ పెట్టిన బండికి మాత్రం ఈ లెక్క పనికిరాదు, ఆ కిట్‌తో వచ్చిన కాగితంలో ఉన్న ఓమ్స్‌నే చూడండి.