వడ్ల సీజన్‌కు ముందే రైస్ మిల్లులో చూసుకోవాల్సినవి

ఖరీఫ్ వడ్ల లారీలు గేటు ముందు వరుస కట్టాయంటే మిల్లు ఆపడానికి ఎవరికీ మనసొప్పదు. మిర్యాలగూడ అయినా, తాడేపల్లిగూడెం అయినా అంతే. అందుకే బెల్టులు తిరగకముందే ఈ పనులు చూసుకోండి.

ముందు గార్డులు, అంటే తిరిగే భాగాలకు అడ్డంగా బిగించే రక్షణ కవర్లు. పోయిన సీజన్‌లో రిపేరుకని విప్పిన బెల్టు గార్డు గోడకు ఆనించే ఉందేమో చూడండి, ఉంటే ఇవాళే బిగించండి. ప్రమాదకరంగా తిరిగే భాగాలకు గట్టి రక్షణ ఉండాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టమే చెప్పింది. షాఫ్టు మీద పొడుచుకొచ్చిన బోల్టు తలను కూడా కప్పాలి. లుంగీ అంచును చుట్టేయడానికి ఆ ఒక్కటి చాలు.

నాకు అన్నిటికంటే భయం ఎలివేటర్, అంటే వడ్లను పైకి మోసే బకెట్ల బెల్టు, జామ్ అయినప్పుడు. తడి వడ్లు, గోనె పీచు అడుగున ఇరుక్కుంటాయి. ఒకరు తలుపు తీసి చెయ్యి పెడతారు. ప్యానెల్ దగ్గరున్న మనిషికి ఆ సంగతి తెలియదు, స్విచ్ వేస్తాడు. కరెంటు పోయింది కదా అని చెయ్యి పెట్టినా అంతే, అది ఏ క్షణంలోనైనా వస్తుంది. కాబట్టి మెయిన్ ఆపి, తాళం వేసి, చెయ్యి పెట్టే మనిషే తాళంచెవి జేబులో ఉంచుకోవాలి. సూపర్‌వైజర్ దగ్గర ఉంటే సరిపోదు. ఇద్దరు దిగితే రెండు తాళాలు. తర్వాత స్టార్ట్ బటన్ నొక్కి, తిరగడం లేదని చూసుకోవాలి. కరెంటు లేకపోయినా, నిండిన బకెట్ల బరువుకు బెల్టు వెనక్కి జారవచ్చు. ముందు దాన్ని కదలకుండా కట్టేయండి.

తువ్వాలు, చున్నీ, వేలాడే కొంగు, చేతి కడియం యంత్రాల దగ్గర వద్దు. తిరిగే షాఫ్టు దగ్గర గ్లౌజులు కూడా వద్దు, అవే చేతిని లోపలికి లాగుతాయి.

బీహార్ నుంచి వచ్చే హమాలీలకు ఇవన్నీ హిందీలో చెప్పి, చేసి చూపించండి. లారీ వెనక్కి వచ్చేటప్పుడు వెనక ఒక మనిషి ఉండాలి. లారీ నీడలో ఎవరినీ పడుకోనివ్వకండి.

ఒకవేళ వేలు తెగితే గాయాన్ని శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి పట్టి 108కి ఫోన్ చేయండి. తెగిన ముక్కను తడి గుడ్డలో చుట్టి, కవర్లో మూసి, ఆ కవర్‌ను ఐసులో పెట్టండి. ముక్కకు ఐసు నేరుగా తగలకూడదు. వేళ్లు అతికించే సర్జరీ దగ్గర్లో ఏ ఆసుపత్రిలో చేస్తారో ముందే కనుక్కొని, ఆ నంబరు ప్యానెల్ పక్కన పెద్ద అక్షరాలతో రాసి పెట్టండి.