కువైట్ పోయే ముందు తాళాలగుత్తికి ఒక చిన్న బ్యాటరీ లైటు తగిలించుకోండి

మా కడప నుంచి కువైట్ పోయేవాళ్లకు సలహాలు చెప్పేవాళ్లకు కొదవ లేదు. ఊరగాయ ఎంత కట్టుకోవాలి, మెడలో బంగారం ఉంచుకోవాలా తీసేయాలా, పాస్‌పోర్టు జిరాక్సులు ఎన్ని తీయించాలి, అన్నీ ఎవరో ఒకరు చెప్తారు. నేను పదకొండేళ్లు అక్కడ ఇంటి డ్రైవరుగా చేసి వచ్చాను కాబట్టి మా వీధిలో ఎవరికి వీసా వచ్చినా, దేవుని కడపలోనో పెద్ద దర్గాలోనో దండం పెట్టుకుని, అట్నుంచి అటే మా ఇంటికి వచ్చి "అన్నా, ఇంకా ఏం తీసుకుపోవాల?" అని అడుగుతారు. అందరికీ మొదట చెప్పేది ఒకటే. వేలంత ఉండే చిన్న బ్యాటరీ లైటు కొనుక్కో, తాళాలగుత్తికి తగిలించుకో, పడుకునేటప్పుడు కూడా దిండు పక్కనే పెట్టుకో. "ఫోన్‌లో ఉంది కదన్నా" అంటారు. ఉంది, నేనూ అదే అనుకుని పోయాను.

మొదటి ఏడాది సంగతి ఇది. రాత్రి పదకొండు దాటాక ఏదో పెళ్లి నుంచి ఇంటికి వచ్చాం, కారు దిగేటప్పుడు ఇంటి పెద్దామె చెవికమ్మ ఒకటి వెనక సీటు కింద పడిపోయింది. కారు లోపలి లైటు సీటు మీదికి వస్తుంది గానీ కిందికి రాదు. నేను ఫోన్ తీసి లైటు వేసి, వంగి సీటు కిందికి పెట్టాను. లోపల ఇంకా ఇద్దరు ఆడపిల్లలు కూర్చునే ఉన్నారు. ఫోన్‌లో లైటు ఎటు పడితే కెమెరా కూడా అటే చూస్తుంది కదా, నా చేతిలో ఫోను వాళ్ల కాళ్ల వైపు తిరిగి ఉంది. పెద్దామె ఒక్కసారిగా అరిచింది. నాకు అప్పటికి అరబ్బీ నాలుగు ముక్కలు కూడా రాదు, కమ్మ కోసమని చేతులతో చూపిస్తున్నా ఎవరూ వినే స్థితిలో లేరు. బాబా, అంటే ఇంటి యజమాని, వచ్చి ఫోన్ లాక్కుని ఫోటోలన్నీ ఒక్కొక్కటీ చూసి, అందులో ఏమీ లేదని నమ్మకం కుదిరాకే తిరిగి ఇచ్చాడు. ఆ రాత్రి కంటి మీద కునుకు లేదు. అక్కడ ఒప్పుకోకుండా ఆడవాళ్ల ఫోటో తీశావంటే తిట్లతో పోదు, కేసు అవుతుంది, అకామా, అంటే అక్కడ ఉండటానికిచ్చే పర్మిట్టు, కూడా కొట్టని కొత్త డ్రైవరు మాట ఎవరు పట్టించుకుంటారు? కమ్మ మరుసటి రోజు పొద్దున సీటు జరిగే పట్టాల సందులో దొరికింది. ఆ శుక్రవారమే కువైట్ సిటీలోని మాలియా పోయి చిన్న లైటు కొన్నాను. ఆ తర్వాత పదేళ్లలో ఆడవాళ్లు ఉన్న చోట ఫోన్ పైకెత్తింది లేదు. చేతిలో ఉన్నది వట్టి లైటే అయితే దాన్ని చూసి ఎవరూ ఉలిక్కిపడరు.

ఇంటిపనికి పోయే అక్కచెల్లెళ్లకు ఇది ఇంకా అవసరం. కొన్ని ఇళ్లలో ఫోన్ పగలంతా మామా, అంటే ఇంటి యజమానురాలు, తన దగ్గరే పెట్టుకుని పడుకునే ముందు ఇస్తుంది, కొన్ని ఇళ్లలో వారానికొకసారి. పనివాళ్ల గది మేడ మీదో మెట్ల కిందో ఉంటుంది, స్విచ్ ఎక్కడో తలుపు అవతల ఉంటుంది. రాత్రి పాపాయి ఏడిస్తే పాలు కలపడానికి పోవాలి, ట్యూబులైటు వేస్తే పక్కన పడుకున్న పెద్ద పిల్లలు లేస్తారు. చిన్న లైటును గుప్పిట్లో పెట్టుకుని, వేళ్ల సందు నుంచి కొంచెం వదిలితే చాలు, వేళ్లు ఎర్రగా వెలుగుతాయి, ఆ ఎర్రటి వెలుగులో పాలడబ్బా, గరిటె, సీసా మీద గీతలు అన్నీ కనపడతాయి, ఎవరి నిద్రా చెడదు. మా చిన్నాయన కూతురు నాలుగేళ్లు అట్లా నెట్టుకొచ్చింది.

మన వైపు ఇది కొత్త సంగతేమీ కాదు. మా నాయన చేతిలో ఎవరెడీ బ్యాటరీ లేకుండా చీకటి పడ్డాక గడప దాటేవాడు కాదు. శనగచేనుకు నీళ్లు పెట్టాలంటే త్రీఫేజు కరెంటు వచ్చేదే అర్ధరాత్రి, గెనాల మీద నడిచి పోయి మోటారు వేయాలి, తేలో పామో కాలి కింద ఉందేమో చూసుకోవాలి. స్టార్టరు డబ్బా తెరిచే ముందు కూడా లోపలికి లైటు వేసి చూసేవాడు, వెచ్చదనానికి పాములు దూరతాయని. పొలానికి బ్యాటరీ లేకుండా పోనివాళ్లం, తెలియని దేశంలో తెలియని మెట్ల మీద మాత్రం చేతులు ఊపుకుంటూ నడుస్తాం.

దిగిన మొదటి రాత్రే దీని పని పడుతుంది. విమానం అర్ధరాత్రో తెల్లవారుజామునో దిగితే, వ్యాన్‌లో చీకట్లో కూర్చోబెట్టి గదికి తీసుకుపోతారు. వ్యాన్ ఎక్కగానే పాస్‌పోర్టు, వీసా కాగితం, మెడికల్ కాగితాలు అన్నీ ఉన్నాయా అని సంచిలో ఒకసారి లైటు వేసి చూసుకోండి, కౌంటర్ దగ్గర మర్చిపోయుంటే అప్పుడైతే వెనక్కి పోవచ్చు. కంపెనీ గది అయితే ఒకదాని మీద ఒకటి మంచాలు, ఆరుగురో ఎనిమిది మందో, ఒక్కొక్కరిది ఒక్కొక్క డ్యూటీ. మీరు పోయేసరికి సగం మంది నిద్రలో ఉంటారు. వచ్చీ రాగానే పెద్ద లైటు వేసినవాడి మీద ఆ గదికి మంచి అభిప్రాయం కలగదు, అదే గదిలో రెండేళ్లు ఉండాలి. చిన్న లైటు నేల వైపు పట్టుకుని మంచం వెతుక్కోండి. ఎవరి ముఖం మీదా వేయకండి, రోడ్డు మీద అయినా సరే.

బయట పనులు చేసేవాళ్లకు ఇంకో కారణం ఉంది. కువైట్‌లో జూన్ 1 నుంచి ఆగస్టు ఆఖరు దాకా పగలు 11 నుంచి సాయంత్రం 4 వరకు ఎండలో పని చేయించకూడదని రూలు ఉంది. ఆ రూలు మంచిదే, కానీ పని ఎక్కడికీ పోదు కదా, తెల్లవారుజాముకో రాత్రికో జరుగుతుంది. అంటే ఎండాకాలంలో మీరు నడిచేది, బస్సు కోసం నిలబడేది ఎక్కువ చీకట్లోనే. కరెంటు పోదనీ అనుకోవద్దు, 2024 జూన్‌లో ఎండలకు వాడకం పెరిగి అక్కడి ప్రభుత్వమే వంతులవారీగా కోతలు పెట్టింది. లిఫ్టు ఆగుతుంది, మెట్ల మీద లైట్లు ఆరిపోతాయి.

అదే నెలలో, జూన్ 12న, మంగాఫ్‌లో కూలీలు ఉండే ఆరంతస్తుల బిల్డింగు తగలబడి దాదాపు 50 మంది చనిపోయారు, అందులో 45 మంది మనదేశం వాళ్లు. నిద్రలో ఉన్నవాళ్లు, ఎక్కువ మంది పొగకు ఊపిరాడకే పోయారు. చేతిలో లైటు ఉంటే బతికేవాళ్లని నేను చెప్పను, అట్లా చెప్పడం పోయినవాళ్లకు అన్యాయం. కానీ ఆ వార్త విన్నప్పటి నుంచి గదిలో దిగే ప్రతి పిల్లవాడికీ చెప్తున్నా, మొదటి రోజే మీ గది తలుపు నుంచి మెట్ల దాకా ఎన్ని అడుగులో లెక్కపెట్టండి, రెండో దారి ఉందా, దానికి తాళం వేసి ఉందా చూడండి, కరెంటు లేనప్పుడు చిన్న లైటుతో ఒకసారి దిగి చూడండి. పొగ నిండితే లైటు ఎదురుగా వేసినా తెల్లగా కమ్మేస్తుంది, మంచులో కారు హెడ్‌లైటు వేసినట్టు, అందుకని కిందికి వంగి నేల మీద వేసుకుంటూ పాకాలి. అక్కడ అంబులెన్సుకైనా ఫైరింజనుకైనా నెంబరు 112. ఆ ఫోన్ చేయడానికి ఫోన్‌లో చార్జింగు మిగలాలి, లైటు వేరేగా ఉండాలనడానికి అదీ ఒక కారణమే.

డ్రైవరు పనికి పోయే తమ్ముళ్లకు రెండు మాటలు. కొత్త కారు చేతికి ఇచ్చారంటే టైర్లు చూసుకోండి. టైరు పక్కన కోడిగుడ్డు ఆకారం గీతలో నాలుగు అంకెలు ఉంటాయి, 2322 అని ఉంటే 2022లో 23వ వారం తయారైందని లెక్క. నల్లటి రబ్బరు మీద నల్లటి అంకెలు, పట్టపగలు కూడా సరిగ్గా కనపడవు. లైటును ఎదురుగా కాకుండా టైరుకు ఆనించి పక్క నుంచి వేస్తే ఒక్కో అంకె నీడతో పైకి లేచి కనపడుతుంది. ఆ ఎండలకు పాత టైరు ఎప్పుడు పేలుతుందో చెప్పలేం, నేను రెండుసార్లు చూసి బాబాకు చెప్పి మార్పించాను.

చలికాలం నవంబరు నుంచి మార్చి దాకా వాళ్లు ఎడారిలో డేరాలు వేసుకుంటారు, డ్రైవరూ పనిమనిషీ వెంట పోవాల్సిందే. అక్కడ జనరేటరు ఆపేశాక ఉండే చీకటి మన పొలం చీకటి కంటే చిక్కన. డేరా తాళ్లు, ఇనుప మేకులు కాలికి తగిలి బోర్లాపడటం ప్రతి ఏడాదీ చూశాను, ఒకతను ముంజేయి విరగ్గొట్టుకున్నాడు. చెప్పులు వేసుకునే ముందు లోపల లైటు వేసి చూసి దులపండి, తేళ్లు అక్కడా ఉంటాయి.

ఇక ఏది కొనాలి. పెద్దది వద్దు, పెద్దదైతే వారానికే పెట్టెలోకి పోతుంది, అక్కడి నుంచి బయటికి రాదు. మీ చూపుడువేలంత పొడవు, ఒక్క చేత్తో వెలిగేది, నొక్కగానే మొదట సన్నగా వెలిగి తర్వాత పెద్దదయ్యేది తీసుకోండి. చాలావాటికి మొదటే కళ్లు చెదిరేంత వెలుగు వస్తుంది, రాత్రి గదిలో అది పనికిరాదు. ల్యూమెన్లు, అంటే వెలుగు కొలత, వెయ్యి, రెండు వేలు అని డబ్బా మీద రాసింది నమ్మకండి, అంత చిన్నదాంట్లో అది ఎక్కువసేపు నిలవదు, 100 చుట్టుపక్కల నిజంగా వస్తే మెట్లకూ రోడ్డుకూ ధారాళంగా సరిపోతుంది. జేబులో దానంతట అది నొక్కుకుపోకుండా లాక్ ఉందా చూడండి. సెల్లు విషయంలో రిమోట్‌లో వేసే సన్న సెల్లుతో నడిచేదైనా, ఫోన్ చార్జరుతో చార్జి అయ్యేదైనా మంచిదే. అక్కడ ప్లగ్గులకు మూడు చదరపు పిన్నులు ఉంటాయి, దానికి తగ్గ అడాప్టరు ఎట్లాగూ ఫోన్‌కు కొంటారు, దీనికీ అదే.

బొత్తాములాంటి బిళ్ల సెల్లుతో నడిచేవి మా కడప వైవీ స్ట్రీట్‌లో తక్కువకే దొరుకుతాయి, చూడ్డానికి ముద్దుగా ఉంటాయి. పిల్లలున్న ఇంట్లో పనికి పోయేవాళ్లు అవి మాత్రం కొనకండి, ఇది గట్టిగా చెప్తున్నా. ఆ బిళ్ల పసిపిల్లలు మింగితే గొంతు దగ్గర ఇరుక్కుని రెండు గంటల్లోనే లోపల కాల్చేస్తుంది. అట్లాంటిది జరిగితే ఆ బిడ్డ గతేమిటి, చూసుకోవడానికి పోయిన మన ఆడబిడ్డ గతేమిటి?

లైటును కారులో వదిలేయకండి. 2016 జూలై 21న కువైట్‌లోని మిత్రిబాలో 53.9 డిగ్రీలు నమోదైంది, అది నీడలో కొలిచింది, మూసిన కారులో ఇంకెంత ఉంటుందో చెప్పక్కర్లేదు. చార్జింగు సెల్లు ఆ వేడికి ఉబ్బుతుంది. పవర్‌బ్యాంకుకూ అదే వర్తిస్తుంది.

విమానంలో చార్జింగు లైటును చేతి సంచిలో పెట్టుకోండి. విడిగా తీసుకుపోయే లిథియం సెల్లులు, పవర్‌బ్యాంకు అయితే పెద్ద పెట్టెలో పెట్టనే కూడదు, చెన్నైలో పెట్టె తెరిపించి తీయిస్తారు, అప్పటికే టెన్షన్‌లో ఉన్నవాళ్లకు అదొక తలనొప్పి. గుత్తికి చిన్న కత్తి, లేజరు, షాక్ కొట్టేది లాంటివి కలిపి ఉన్న లైట్లు వద్దే వద్దు.

జర్మనీకి, అమెరికాకు చదువుకు పోయే పిల్లలు కూడా ఇప్పుడు మా వీధిలో ముగ్గురున్నారు. మా అక్క కొడుకు బెర్లిన్‌లో ఉన్నాడు, డిసెంబరులో అక్కడ నాలుగు కొట్టకముందే పొద్దుగుంకుతుంది, మనకేమో ఐదున్నర దాటితే గానీ గుంకదు. చలికి ఫోన్ చార్జింగు 30 చూపిస్తూనే ఆగిపోతుందట, చేతికి గ్లౌజులుంటే స్క్రీను పని చేయదు, నొక్కే లైటు మాత్రం గ్లౌజు మీద నుంచే వెలుగుతుంది. రోడ్డు మీద పలుచగా పరుచుకున్న మంచుగడ్డ మామూలుగా కనపడదు, లైటును కింద నుంచి ఏటవాలుగా వేస్తే తళుక్కుమంటుంది, అక్కడ కాలు పెట్టకూడదని తెలుస్తుంది. అమెరికాలో ఫుట్‌పాత్ లేని రోడ్డు మీద చీకట్లో నడవాల్సి వస్తే ఎడమ పక్కన, ఎదురొచ్చే బండ్లకు కనపడేలా లైటు నేల మీద వేసుకుంటూ నడవాలి. 2021 ఫిబ్రవరిలో టెక్సాస్‌లో మంచుకు 45 లక్షల పైగా ఇళ్లకూ దుకాణాలకూ కరెంటు పోయింది, ఆ రాష్ట్రంలో మనవాళ్లు ఎంత మంది ఉన్నారో మీకు తెలుసు. చలి దేశాలకైతే సన్న సెల్లులో లిథియం రకం అడిగి తీసుకోండి, మామూలువి చలికి చచ్చుబడతాయి.

చివరగా ఒక్కటి, డ్రైవర్లు దాన్ని కారు తాళానికి తగిలించకండి. కారు తాళం ఇంట్లో ఎవరడిగితే వాళ్ల చేతికి పోతుంది, లైటూ దాంతోనే పోతుంది. మీ గది తాళానికి, అది కూడా లేకపోతే బతాకా, అంటే అక్కడి గుర్తింపు కార్డు, పెట్టుకునే మెడ తాడుకు తగిలించండి. ఇక్కడ బస్సు ఎక్కే ముందు రాత్రే నిండా చార్జి పెట్టి, ఇంట్లో లైట్లన్నీ ఆర్పేసి, ఒకసారి దాంతోనే వంటింటి దాకా నడిచి చూసుకోండి.