షార్ట్‌వేవ్‌లో వాతావరణ పటాలు – 3వ పాఠం: ఒరిగిన బొమ్మను నిలబెట్టడం

పోయిన పాఠంలో డాబా మీద తీగ కట్టి, చెన్నై రిచీ స్ట్రీట్‌లో దొరికే ఆడియో కేబుల్‌తో రేడియోని కంప్యూటర్‌కి కలిపాం. ఇంట్లో ఎల్ఈడీ బల్బులు, ఇన్వర్టర్ ఆపేస్తే గరగర ఎంత తగ్గుతుందో కూడా విన్నాం. వాతావరణ పటం షార్ట్‌వేవ్‌లో ఒక్కో అడ్డ వరసగా, శబ్దం రూపంలో వస్తుంది. ఇక ఆ శబ్దాన్ని కంప్యూటర్‌లో ఎఫ్‌ఎల్‌డిజి (fldigi) అనే సాఫ్ట్‌వేర్‌తో బొమ్మగా మార్చుకుందాం.

ముందు ట్యూనింగ్. పశ్చిమ ఆస్ట్రేలియాలోని విలూనా కేంద్రం 15615 కిలోహెర్ట్జ్‌లో పటాలు పంపుతుంది, టోక్యో 13988.5లో పంపుతుంది. రేడియోని అప్పర్ సైడ్‌బ్యాండ్ (యూఎస్‌బీ) మోడ్‌లో ఉంచి, డయల్‌ని మాత్రం 1.9 కిలోహెర్ట్జ్ తగ్గించి పెట్టండి: 15613.1 లేదా 13986.6. అప్పుడు పటంలోని నలుపు 1500 హెర్ట్జ్ శబ్దం దగ్గర, తెలుపు 2300 దగ్గర పడతాయి. పటంలో ఎక్కువ భాగం ఖాళీ కాగితమే కాబట్టి వాటర్‌ఫాల్‌లో (సాఫ్ట్‌వేర్‌లో శబ్దాన్ని గీతలుగా చూపించే పట్టీలో) 2300 గీత చిక్కగా, 1500 గీత పలచగా కనిపించాలి. కాగితం బూడిదరంగులో వస్తోందంటే డయల్ కాస్త పైకి జరిగిందన్నమాట.

పటం మొదలయ్యే ముందు 5 సెకన్ల పాటు 300 హెర్ట్జ్ లయతో బుర్రుమనే శబ్దం వస్తుంది. ఆ వెంటనే 30 సెకన్ల ఫేజింగ్: వరస వరసకీ నల్లటి పట్టీలో చిన్న తెల్లటి ముక్క. వరస ఎక్కడ మొదలవుతుందో సాఫ్ట్‌వేర్‌కి చెప్పేది అదే. అది తప్పిపోతే పటం అంచు బొమ్మ మధ్యలోకి వస్తుంది. కంగారు పడకండి, పక్కకి జరిపితే సరిపోతుంది. చివర్లో 450 హెర్ట్జ్ వస్తే పటం అయిపోయినట్టు.

అసలు చిక్కు ఒరగడంతోనే. నిమిషానికి 120 వరసలు, అంటే ఒక్కో వరసకి అర సెకను. వరసకి దాదాపు 1810 చుక్కలు. మీ కంప్యూటర్‌లో శబ్దాన్ని అంకెలుగా మార్చే సౌండ్‌కార్డ్ గడియారం పది లక్షలకి 50 వంతులు, అంటే 50 పీపీఎం, తప్పు నడుస్తోందనుకుందాం. పది నిమిషాల పటంలో ఆ తేడా 0.03 సెకను. వినడానికి ఏమీ కాదు. కానీ అది అర సెకనులో 6 శాతం! 1200వ వరస చేరేసరికి బొమ్మ 109 చుక్కలు పక్కకి జరిగిపోతుంది. పక్కకి నెట్టిన పేకకట్టలా ప్రతి వరసా పైదానికన్నా రవ్వంత జరుగుతుంది.

అందుకే దీన్ని ఫొటో ఎడిటర్‌లో తిప్పి సరిచేయకండి. తిప్పితే నిలువు అంచు నిటారవుతుంది, అడ్డంగా ఉండాల్సిన అక్షాంశ రేఖలు వాలిపోతాయి. అలాంటి పటంలో సమభార రేఖలు (గాలి పీడనం సమానంగా ఉన్న చోట్లను కలిపే గీతలు) చదివితే అల్పపీడనం ఉన్న చోటు తప్పు తెలుస్తుంది. రోగం గడియారంలో ఉంది, మందు అక్కడే వేయాలి.

పటం నిలువు అంచుని పై నుంచి కింది వరకు చూసి, ఎన్ని చుక్కలు జరిగిందో కొలవండి. దాన్ని 1810తో, మళ్లీ వరసల సంఖ్యతో భాగించి, పది లక్షలతో గుణించండి. వచ్చిన అంకెను ఎఫ్‌ఎల్‌డిజి సౌండ్‌కార్డ్ సెట్టింగుల్లో ఆర్ఎక్స్ పీపీఎం దగ్గర ఇవ్వండి. ఒరుగు ఇంకా పెరిగితే గుర్తు మార్చి, ప్లస్‌కి బదులు మైనస్ పెట్టండి.

అంచు నిటారుగా ఉన్నా గీతలు జంటగా, అలికినట్టుగా వస్తే మాత్రం సెట్టింగులు కదపొద్దు. అది అయనావరణంలో (రేడియో తరంగాల్ని తిరిగి నేలకు పంపే, చాలా ఎత్తులోని గాలి పొరలో) వేర్వేరు దారుల్లో వచ్చిన ప్రతిధ్వని. ఒక్క మిల్లీసెకను ఆలస్యం కూడా మూడున్నర చుక్కలకు పైనే పక్కన పడుతుంది.

2016 డిసెంబర్ 12న వార్దా తుపాను వచ్చినప్పుడు సెల్‌ఫోన్లు, ఇంటర్నెట్ ఎలా కుంటుపడ్డాయో పెరంబూరు, ఆవడి వాళ్లకి నేను చెప్పక్కర్లేదు. తుపాను హెచ్చరికకి చెన్నై నుంగంబాక్కంలోని వాతావరణ కేంద్రం మాటే వినాలి, ఈ పటాలు దానికి బదులు కావు. కానీ ఇంటర్నెట్ లేకుండా, సముద్రాల అవతలి నుంచి వచ్చిన పటాన్ని మీ చేత్తో పట్టి చదవగలగడం నేర్చుకోదగ్గ విద్య అని నా గట్టి నమ్మకం. ఈశాన్య రుతుపవనాలు మొదలయ్యేలోపు చేయి తిరగాలి.

ఈ వారం పని: ఒకే కేంద్రం నుంచి పగలొకటి, రాత్రొకటి పటం పట్టండి. రెండింటి పీపీఎం లెక్కగట్టి పక్కపక్కన రాసుకోండి. 4వ పాఠంలో ఆ పటాల మీదే సమభార రేఖలు చదువుదాం.