పెద్ద బెడ్ సీఎన్‌సీ రౌటర్‌లో కొలతలు తేడా వస్తుంటే: సమస్య - పరిష్కారం

తక్కువ ఖర్చులో 1220 × 2440 మి.మీ. సీఎన్‌సీ రౌటర్ (కంప్యూటర్ చెప్పినట్టు షీట్లు కోసే మెషిన్) కట్టుకున్నాక పీస్ కొలత తేడా రాగానే మనమంతా చేసేది ఒకటే, సాఫ్ట్‌వేర్‌లోకి దూరి స్టెప్స్ (మి.మీ. నడవడానికి మోటర్‌కి ఎన్ని పల్సులు పంపాలనే లెక్క) మార్చేయడం. నేనూ రెండ్రోజులు అలాగే మారుస్తూ కూర్చున్నా, చివరికి చూస్తే పినియన్‌ని (మోటర్ షాఫ్ట్ మీది చిన్న పళ్ల చక్రం) షాఫ్ట్‌కి బిగించే గ్రబ్ స్క్రూ వదులైపోయి ఉంది. అందుకే సెట్టింగులు ముట్టుకోకముందే టూల్ తీసేసి సరిగ్గా అక్కడే పెన్ను కట్టి అదే ఫైలు కాగితం మీద గీయించండి. తేడా ఎలా వస్తోందో చూస్తే కారణం సగం దొరికినట్టే.

సమస్య: పొడవు పెరిగేకొద్దీ తేడా కూడా పెరుగుతోంది

ఇదొక్కటే నిజంగా స్టెప్స్ తప్పు. మాడ్యూల్ (పళ్ల సైజు) 1, 20 పళ్ల పినియన్ ఒక చుట్టుకి 62.83 మి.మీ. నడుస్తుంది, మోటర్‌కి చుట్టుకి 1600 పల్సులైతే మి.మీ.కి 25.46 పల్సులు. 100 మి.మీ. కొలిచి సరిచేస్తే పనవ్వదు, 2000 మి.మీ. నడిపించి కొలవండి, అదీ ఒకే దిక్కులో. టేపు కొక్కెం ఆడుతుంది కాబట్టి 100 గీత దగ్గర మొదలెట్టండి.

సమస్య: గుండ్రం గీస్తే నాలుగు చోట్ల చిన్న నొక్కులు

యాక్సిస్ దిక్కు మారే చోటే నొక్కు పడుతోందంటే బ్యాక్‌లాష్, అంటే పళ్ల మధ్య సందు. పినియన్‌ని స్ప్రింగ్‌తో రాక్‌కి (పినియన్ నడిచే పళ్ల పట్టీ) నొక్కి పెట్టండి, గ్రబ్ స్క్రూ షాఫ్ట్ చదును మీదే కూర్చుందో లేదో చూడండి. ఆ సందుని సాఫ్ట్‌వేర్‌లో సర్దే కాంపెన్సేషన్ మీద నాకు నమ్మకం లేదు, ఎందుకంటే కోత లాగుడికి ఆ సందులో గాంట్రీ (టూల్‌ని మోసే అడ్డ బీమ్) అటూ ఇటూ ఆడుతూనే ఉంటుంది.

సమస్య: మధ్యలో ఒక్కసారిగా కోత పక్కకి జరిగిపోయింది, అక్కణ్ణుంచి అంతా అదే తేడా

ఎంత జరిగిందో కొలవండి, ఇది చాలా ముఖ్యం. స్టెప్పర్ మోటర్ స్టెప్పులు తప్పితే నాలుగు ఫుల్ స్టెప్పుల లెక్కన తప్పుతుంది, చుట్టుకి 200 ఫుల్ స్టెప్పుల మోటర్‌కి పైన చెప్పిన పినియన్ గేర్ తగ్గింపు లేకుండా డైరెక్ట్‌గా ఉంటే అది 1.26 మి.మీ. తేడా 1.26, 2.51 ఇలా వస్తే మోటర్ బలం చాలట్లేదని అర్థం, అడ్డదిడ్డంగా ఉంటే పినియన్ షాఫ్ట్ మీద జారుతోందేమో చూడండి. మోటర్ అయితే ముందు యాక్సిలరేషన్ సగానికి తగ్గించి చూడండి (జీఆర్‌బీఎల్ అనే కంట్రోలర్ సాఫ్ట్‌వేర్‌లో 120, 121 సెట్టింగులు). స్పీడ్ పెరిగితే స్టెప్పర్ టార్క్ పడిపోతుంది, డ్రైవర్ తట్టుకునేదైతే 24 నుంచి 48 వోల్టులకి వెళ్తే చాలా తేడా తెలుస్తుంది.

సమస్య: దీర్ఘచతురస్రం పక్కకి వాలింది

గాంట్రీ రెండు వైపులా ఒకేలా నిలబడలేదు. ఫుల్ షీట్ సైజులో గీసి ఎదురెదురు మూలల మధ్య రెండు కొలతలూ తీయండి, రెండూ 2728 మి.మీ. రావాలి. 1220 వెడల్పులో గాంట్రీ 1 మి.మీ. వాలితే ఆ రెండు కొలతల మధ్య సుమారు 1.8 మి.మీ. తేడా వస్తుంది. గాంట్రీ రెండు వైపుల మోటర్లకీ వేరువేరు హోమింగ్ స్విచ్‌లు (మొదలయ్యే చోటు చెప్పేవి) పెట్టి ఒక స్విచ్‌ని జరిపితే సరిపోతుంది.

సమస్య: పెన్ను గీత కరెక్ట్, కోత మాత్రం తప్పు

ఫ్రేమ్ వంగుతోంది. ఇక్కడే పెద్ద మెషిన్ మనల్ని ముంచుతుంది: అదే బీమ్ పొడవు రెట్టింపు చేస్తే అదే బరువుకి 8 రెట్లు వంగుతుంది, చిన్న మెషిన్ డ్రాయింగ్‌ని సాగదీసి కట్టినవాళ్లకి ఈ దెబ్బ బాగా తెలుసు. బీమ్ గోడ మందం కంటే ఎత్తు పెంచండి. అప్పటిదాకా ఒక్కో పాస్ లోతు తగ్గించి, 0.3 మి.మీ. వదిలి చివర్లో ఒక ఫినిషింగ్ పాస్ తిప్పండి, టూల్ కాలెట్ (టూల్‌ని పట్టుకునే బిగింపు) బయటికి వీలైనంత తక్కువ ఉంచండి.

సమస్య: స్పిండిల్ (టూల్‌ని తిప్పే మోటర్) ఆన్ చేయగానే లిమిట్ స్విచ్ తగలకుండానే లిమిట్ అలారం

వీఎఫ్‌డీ (స్పిండిల్ స్పీడ్ మార్చే డ్రైవ్) నుంచి వచ్చే ఎలక్ట్రికల్ నాయిస్. స్పిండిల్‌కి షీల్డెడ్ కేబుల్ వేసి ఎర్త్ చేయండి, స్విచ్ వైర్లు దానికి దూరంగా లాగండి.