బ్రాయిలర్ కోళ్లకు దాణా పెట్టే పద్ధతి

విశాఖ దగ్గర ఆనందపురం, పద్మనాభం వైపు ఏ బ్రాయిలర్ షెడ్డులో ఖర్చు లెక్క తీసినా 60 నుంచి 70 శాతం దాణాదే. కనుక దాణా రేటు పెరిగిందని వాపోయే ముందు, కొన్న దాణాలో ఎంత కోడి కడుపులోకి పోతోంది, ఎంత నేల మీద పరిచిన ఊకలో కలుస్తోంది అన్నది చూసుకోవాలి.

మొదటి వారంలో జరిగిన నష్టం తరువాత పూడదు. పిల్లలు దిగడానికి ఒక రోజు ముందే బ్రూడర్లు, అంటే పిల్లలకు వేడినిచ్చే పరికరాలు, వెలిగించి, పిల్లల ఎత్తులో వేడి 32 నుంచి 34 డిగ్రీలు ఉండేలా చూసి, ఊక మీద కాగితం పరిచి, రవ్వలా ఉండే ప్రీ-స్టార్టర్ అనే తొలి రోజుల దాణాను కొద్దికొద్దిగా చల్లాలి. ఆ రాత్రి షెడ్డులో నాలుగు చోట్ల నుంచి ముప్పై, నలభై పిల్లలను పట్టుకొని మెడ కింది సంచిని వేళ్లతో తడమాలి. అది నిండుగా, జావలా మెత్తగా తగిలితే పిల్ల దాణా, నీరు రెండూ తీసుకున్నట్టు. గట్టిగా తగిలితే నీరు అందలేదు, నీటి బుడగలా తగిలితే దాణా దొరకలేదు. మరునాటికి నూటికి తొంభై అయిదు సంచులు నిండి ఉండాలి. ఏడో రోజున బరువు దిగిన నాటి కంటే నాలుగు రెట్లు దాటకపోతే లోపం సాధారణంగా బ్రూడింగులోనే ఉంటుంది.

సుమారు పది రోజులకు స్టార్టర్, మూడు వారాలు దాటాక ఫినిషర్ పెడతారు. మాంసకృత్తులు 22, 23 శాతం నుంచి క్రమంగా 19, 20 శాతానికి తగ్గుతూ, శక్తి పెరుగుతూ వస్తుంది. ఒక రకం నుంచి మరొక రకానికి ఒక్కసారిగా మార్చక, రెండు మూడు రోజులు కలిపి పెట్టాలి.

ఫీడర్ అంచు కోడి వీపు ఎత్తులో ఉండాలి, పళ్లెం మూడో వంతుకు మించి నిండకూడదు. నేనైతే ఫీడర్ కింది ఊకను గుప్పెడు తీసి అరచేతిలో పరుస్తాను. అందులో గుళికలు లెక్కపెట్టేన్ని కనిపిస్తే ఆ వారమే ఫీడర్ వేలాడే గొలుసు పైకెత్తుతాను.

విశాఖ వేసవిలో అసలు చిక్కు ఎండ ఒక్కటే కాదు, సముద్రపు ఉక్క. కోడి నోరు తెరిచి రొప్పుతూ ఒళ్లు చల్లబరచుకుంటుంది, గాలిలో తేమ ఎక్కువైతే ఆ ఉపాయం పారదు. తిన్న దాణా అరిగేటప్పుడు పుట్టే వేడి దానికి తోడవుతుంది. అందుచేత ఏప్రిల్ నుంచి జూన్ వరకు పొద్దున పదింటికే ఫీడర్లు పైకెత్తి సాయంత్రం అయిదుకు దించి, రాత్రి లైటు వేసి తెల్లవారుజామున మేపుకోవడం మేలు. దించగానే అన్నీ ఒకేసారి ఎగబడతాయి గనుక ఫీడర్లు చాలినన్ని ఉండాలి. మామూలు రోజుల్లో నీరు దాణాకు రెట్టింపు తాగుతాయి, ఎండల్లో ఇంకా ఎక్కువ కావాలి. ట్యాంకుకు తడి గోనె చుట్టాలి.

వానాకాలంలో బస్తాలను గోడకు, నేలకు ఆనించరాదు. ఒక బ్యాచిలో నేనే బద్ధకించి నేల మీద పేర్చాను. అడుగు వరుస ముక్కవాసన కొట్టింది. పారేయడానికి మనసొప్పలేదు గానీ, బూజు పట్టిన మొక్కజొన్నలోని అఫ్లాటాక్సిన్ అనే విషం కాలేయాన్ని దెబ్బతీస్తుందని తెలిసి పారేశాను.

బ్యాచి చివర మొత్తం దాణాను అమ్మిన మొత్తం బరువుతో భాగిస్తే ఎఫ్‌సీఆర్, అంటే కిలో బరువుకు ఎన్ని కిలోల దాణా పట్టిందన్న లెక్క, వస్తుంది. 5,000 పిల్లల్లో 4,800 మిగిలి, 38 రోజులకు సగటున 2.1 కిలోలు తూగితే మొత్తం 10,080 కిలోలు. దాణా 16,128 కిలోలు పట్టి ఉంటే ఎఫ్‌సీఆర్ 1.6. అది 1.7 అయితే అంతే బరువుకు మరో 1,008 కిలోలు, అంటే 50 కిలోల బస్తాలు ఇరవైకి పైగా అదనంగా పోయినట్టే.

కోతకు ఎనిమిది గంటల ముందు దాణా తీసేయాలి. తూకం కోసం ఆఖరి గంటలో పెట్టింది పేగుల్లోనే ఉండిపోయి, కోసేటప్పుడు మాంసాన్ని పాడుచేస్తుంది. నీళ్లు మాత్రం కోళ్లను పట్టే వరకు తీయకూడదు.