కడుపుతో ఉన్నప్పుడు ముఖానికి మంగు వస్తే ఏం చేయాలి?

విజయవాడలో 18 ఏళ్ళుగా బ్యూటీ పార్లర్ నడుపుతున్నాను. శ్రీమంతానికి నాలుగు రోజుల ముందు వచ్చి, "అక్కా, ఈ మచ్చలు ఫొటోల్లో పడకూడదు, బ్లీచ్ చేసెయ్యండి" అని అడిగే అమ్మాయిలు నెలకు ఇద్దరు ముగ్గురైనా ఉంటారు. నేను చేయను. ఇంకెక్కడో చేయించుకుని, ప్రసవమయ్యాక ఇంకా నల్లబడిన ముఖంతో మళ్ళీ నా దగ్గరికే వచ్చినవాళ్ళు చాలామంది. వాళ్ళ ముఖాలు చూసినప్పుడల్లా, ఈ నాలుగు మాటలు ముందే ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేదనిపిస్తుంది.

మంగునే డాక్టర్లు మెలాస్మా అంటారు. బుగ్గలు, నుదురు, ముక్కు, పై పెదవి మీద గోధుమ రంగు మచ్చలు రెండు వైపులా దాదాపు ఒకేలా పరుచుకుంటాయి. దురద ఉండదు, మంట ఉండదు, పొట్టు రాలదు. ఈ మూడింటిలో ఏదైనా ఉంటే అది మంగు కాకపోవచ్చు, చర్మం డాక్టరుకి చూపించండి. గర్భంలో పెరిగే హార్మోన్లు చర్మానికి రంగునిచ్చే కణాలను రెచ్చగొడతాయి. బొడ్డు కింద నల్లగీత రావడమూ అందువల్లే. రక్తం తక్కువైందనో, ముఖం నల్లబడితే మగపిల్లాడనో అనే మాటలు వినకండి.

హార్మోన్లు మన చేతిలో లేవు. వాటికి తోడై మచ్చను ముదరబెట్టే ఎండ మాత్రం మన చేతిలో ఉంది. కాబట్టి ఇందులో మచ్చను పోగొట్టే పని ఏమీ లేదు. ఎండను ఆపడం, చర్మాన్ని రెచ్చగొట్టకుండా ఉంచడం, అంతే. ప్రసవం తర్వాత కొన్ని నెలల్లో చాలామందికి అదే పలచబడుతుంది.

కావలసినవి

ఘాటులేని ఫేస్‌వాష్, వాసన లేని మాయిశ్చరైజర్, రంగు కలిపిన సన్‌స్క్రీన్, గొడుగు. ఐదో వస్తువు కొనకండి.

ముఖం కడగడం

పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి. మామూలు నీళ్ళతో, వేళ్ళతోనే కడగండి. తువ్వాలుతో రుద్దకుండా అద్దండి. తడి పూర్తిగా ఆరకముందే మాయిశ్చరైజర్ రాయండి. ఇందులో పెద్ద విద్య ఏమీ లేదు.

ఇక్కడే పెద్దవాళ్ళు సున్నిపిండి డబ్బా తెస్తారు. ఒంటికి వాడుకోండి, ముఖానికి వద్దు. అందులో బావంచాల గింజలు వేసి ఉంటే ఒంటికి కూడా వద్దు. బావంచాల్లో సోరాలెన్ అనే పదార్థం ఉంటుంది, అది చర్మం మీద ఉండగా ఎండ తగిలితే చర్మం ఇంకా నల్లబడుతుంది. తెల్లమచ్చల మీద రంగు రప్పించడానికి బావంచాలు వాడేది ఈ గుణం కోసమే. నల్లమచ్చ ఉన్న ముఖానికి అదే రాసుకుంటే ఏమవుతుందో ఆలోచించండి. నిమ్మరసమూ అంతే, దాన్ని రాసుకుని ఎండలోకి వెళ్తే కమిలిపోతుంది. జాజికాయ అరగదీసి పట్టించడం, పంచదారతో రుద్దడం, గరుకు స్క్రబ్బులు అన్నీ మానేయండి. మన చామనచాయ చర్మం గీసుకున్నా, మండినా, ఆ చోట నలుపు వదిలే స్వభావం ఉన్నది. రుద్దుడుకి మంగు పోదు, పైగా ఇంకో మచ్చ తోడవుతుంది.

సన్‌స్క్రీన్: అందరూ తప్పు చేసేది ఇక్కడే

"రోజూ రాసుకుంటున్నా తగ్గట్లేదక్కా" అన్న ప్రతి అమ్మాయినీ నా ముందే రాసుకోమంటాను. శనగగింజంత తీసుకుంటుంది, రెండు బుగ్గలకీ పులుముతుంది, పెదవి పైన, చెవుల పక్కన, కనుబొమల మీద వదిలేస్తుంది. వెంటనే బండెక్కి వెళ్ళిపోతుంది. ఇది రాసుకున్నట్టు కాదు.

ముందు కొనడం సంగతి. ట్యూబ్ మీద ఎస్‌పీఎఫ్ (ఎండ నుంచి ఎంత కాపాడుతుందో చెప్పే అంకె) 30 లేదా అంతకన్నా ఎక్కువ ఉండాలి, పీఏ అనే అక్షరాల పక్కన కనీసం మూడు ప్లస్ గుర్తులు ఉండాలి. వెనక్కి తిప్పి, జింక్ ఆక్సైడ్ గానీ టైటానియం డయాక్సైడ్ గానీ ఉందేమో చూడండి. ఇవి చర్మం పైనే నిలబడి ఎండను అడ్డుకుంటాయి, గర్భిణులకు డాక్టర్లు ముందుగా చెప్పేదీ వీటినే. వీటితో పాటు ఐరన్ ఆక్సైడ్స్ ఉండాలి. కొన్ని ట్యూబుల మీద ఆ పేరు ఉండదు, సీఐ 77491, 77492, 77499 అనే అంకెలు ఉంటాయి. అవీ ఐరన్ ఆక్సైడ్లే.

ఈ ఐరన్ ఆక్సైడ్ గురించి ఎందుకింత పట్టుపడుతున్నానంటే, మంగును ముదరబెట్టేది కంటికి కనిపించని అతినీలలోహిత కిరణాలు ఒక్కటే కాదు. మామూలు వెలుతురు కూడా, ముఖ్యంగా మనలాంటి రంగు ఉన్నవాళ్ళకి, మచ్చను నలుపు చేస్తుంది. తెల్లటి సన్‌స్క్రీన్ ఆ వెలుతురుని సరిగా ఆపలేదు. రంగు కలిపినది ఆపుతుంది. పైగా జింక్ వల్ల ముఖం సున్నం కొట్టినట్టు తెల్లబడకుండా ఉంటుంది. జెల్ వద్దు, స్ప్రే అసలు వద్దు. క్రీమే కొనండి.

ఇప్పుడు కొలత. చూపుడు వేలు, మధ్య వేలు పక్కపక్కన పెట్టి, రెండింటి మీదా మొదటి నుంచి చివరి దాకా క్రీము గీతలా పిండండి. ఆ రెండు గీతలూ ముఖానికి, మెడకి కలిపి ఒక్కసారికే. సుమారు ఒక గ్రాము. డబ్బా మీద రాసిన ఎస్‌పీఎఫ్ మందంగా రాసి పరీక్షించినది. పలచగా రాస్తే అంత రక్షణ రాదు. ఒకేసారి అంత రాస్తే జిడ్డుగా అనిపిస్తుంది, కాబట్టి ఒక వేలిది ముందు రాసి, రెండు నిమిషాలు ఆగి, రెండోది రాయండి. రుద్దకుండా అద్దుతూ పరచండి. పై పెదవి, ముక్కు పక్కలు, జుట్టు మొదలయ్యే చోటు, దవడ అంచు, ఈ నాలుగూ ఒకసారి అద్దంలో చూసుకోండి. మంగు ముదిరేది వదిలేసిన చోటే.

మీరు సరిగ్గా రాస్తున్నారో లేదో తెలుసుకోవడానికి ఒక లెక్క చెబుతాను. రోజుకి రెండుసార్లు రాస్తే 50 గ్రాముల ట్యూబ్ 25 రోజుల్లో అయిపోవాలి. మీ ట్యూబ్ మూడు నెలలు వచ్చిందంటే మీరు వాడుతున్నది పావు వంతే. ఖరీదైనది కొని పిసరంత రాసుకోవడం కన్నా, తక్కువ ధరది కొని కొలత ప్రకారం రాసుకోండి.

ఇక వేళ. బయటికి వెళ్ళే 15, 20 నిమిషాల ముందే రాయండి. బయటే ఉంటే రెండు గంటలకోసారి మళ్ళీ రాయాలి. చెమట పట్టినప్పుడు కొంగుతో తుడిచేస్తే సన్‌స్క్రీన్ అంతా కొంగుకి పోతుంది. మెత్తటి నూలు గుడ్డతో అద్దుకుని, మళ్ళీ రాయండి. ఇంట్లోనే ఉన్నా పొద్దున, మధ్యాహ్నం రాయాలి. కిటికీ అద్దం అతినీలలోహిత కిరణాలన్నిటినీ ఆపదు. మబ్బు కూడా ఆపదు. బస్సులో కిటికీ పక్క సీటు, వెలుతురు పడే బల్ల, బాల్కనీలో కాఫీ, ఇవన్నీ లెక్కలోకి వస్తాయి.

పదింటి నుంచి నాలుగింటి దాకా మేడ మీద వడియాలు, బట్టలు మీరు చూడొద్దు. ఆ పని ఇంట్లో ఇంకెవరికైనా అప్పజెప్పండి. డి విటమిన్ కోసం ఎండలో కూర్చోమని డాక్టరమ్మ చెప్తే, చేతులూ కాళ్ళూ ఎండలో పెట్టి ముఖం గొడుగు నీడలో ఉంచండి.

క్రీములు, బ్లీచ్

పార్లర్ బ్లీచ్ తెల్లగా చేసేది ముఖం మీది నూగుని. మంగు ఉండేది చర్మం లోపల, దాన్ని ఆ బ్లీచ్ ఏమీ చేయలేదు, మంట మాత్రం పుట్టిస్తుంది. మెడికల్ షాపులో అడిగితే ఇచ్చే "తెల్లబడే" క్రీముల్లో చాలావాటిలో హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్, ఒక స్టెరాయిడ్ కలిసి ఉంటాయి. కడుపుతో ఉన్నప్పుడు ఇవి వాడకూడదు. స్టెరాయిడ్ క్రీములను డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని 2018లో ప్రభుత్వం నిబంధన పెట్టినా, ఇప్పటికీ మావయ్య కొడుకు తెచ్చాడనో, పక్కింటావిడ వాడిందనో రాసుకుని వస్తున్నారు. వారంలో మెరుపు వస్తుంది, ఆపగానే ఎర్రబడి మండుతుంది. కంపెనీ పేరు సరిగా లేని ఫెయిర్‌నెస్ డబ్బాలైతే ఇంకా ప్రమాదం. వాటిలో పాదరసం ఉండొచ్చు. అలాంటి క్రీములు వాడినవాళ్ళకి కిడ్నీ జబ్బు రావడం 2023లో కేరళ మలప్పురం జిల్లాలో బయటపడింది. మంగు మరీ బాధ పెడుతుంటే చర్మం డాక్టరు దగ్గర "నేను గర్భిణిని" అని మొదటి మాటగా చెప్పండి. ఇప్పుడు వాడదగ్గవి ఏవో ఆయన చూసి ఇస్తారు.

పై పెదవి మీద, గడ్డం కింద వెంట్రుకలు పెరుగుతాయి, అదీ తాత్కాలికమే. దారంతో థ్రెడింగ్ చేయించుకోండి. వేడి మైనం పెట్టి లాగితే మంగు ముదురుతుంది.

శ్రీమంతం రోజు

మచ్చ మీద నేరుగా ఫౌండేషన్ వేస్తే బూడిద రంగులో కనిపిస్తుంది. సన్‌స్క్రీన్ ఆరాక, మచ్చ ఉన్న చోట మాత్రమే నారింజ రంగు కరెక్టర్ పలచగా అద్ది, దాని మీద మీ చాయకి సరిపోయే ఫౌండేషన్ వేయండి. గంధం పూసేటప్పుడు ముత్తైదువలకు ముందే చెప్పి, బుగ్గల మీద పలచగా అద్దించుకోండి.

వాపు వస్తే పార్లరుకి రాకండి

నాలుగేళ్ళ కింద ఎనిమిదో నెల అమ్మాయి ఒకతె వచ్చి, "ముఖం ఉబ్బింది, ఏదైనా మసాజ్ చేయండి" అంది. ముందురోజు నుంచి తలనొప్పి తగ్గలేదని మాటల్లో చెప్పింది. నేను కుర్చీలో కూర్చోబెట్టలేదు, ఆటో ఎక్కించి ఆస్పత్రికి పంపాను. బీపీ బాగా ఎక్కువగా ఉందని ఆ సాయంత్రమే చేర్చుకున్నారు.

పొద్దున లేవగానే ముఖం కాస్త ఉబ్బి, మధ్యాహ్నానికి తగ్గితే అది చాలామందికి ఉండేదే. ఐదో నెల దాటాక ముఖం, చేతులు ఒక్కసారిగా వాచినా, తలనొప్పి వదలకపోయినా, చూపు మసకబారినా, కళ్ళ ముందు మెరుపులు కనిపించినా, పక్కటెముకల కింద నొప్పి వచ్చినా వెంటనే బీపీ చూపించుకోండి. 140/90 లేదా అంతకన్నా ఎక్కువ ఉంటే ఇంటికి తిరిగి రాకండి, డాక్టరమ్మ దగ్గరికే వెళ్ళండి. మన పెద్దవాళ్ళు గుర్రపువాతం అనే ఫిట్స్ వచ్చేది ఇలా బీపీ పెరిగే. వాహనం లేకపోతే 108కి ఫోన్ చేయండి. "కడుపు కళ" అని ఎవరైనా తీసిపారేస్తే వినకండి. ప్రసవమయ్యాక ఆరు వారాల దాకా కూడా ఇదే జాగ్రత్త.

ప్రసవం తర్వాత

బారసాల నాటికే మచ్చ పోవాలని ఆశ పెట్టుకోకండి. పైపైన ఉన్న రంగు కొన్ని నెలల్లో పలచబడుతుంది, లోతుగా దిగినది ఏడాది దాకా పట్టొచ్చు, కొందరికి కొంత మిగిలిపోతుంది. అన్నాళ్ళూ సన్‌స్క్రీన్ ఆపొద్దు. పురుడు అయిపోయింది కదా అని మానేసినవాళ్ళకి మే నెల ఎండకి మళ్ళీ తేలుతుంది. ఏడాది దాటినా అలాగే ఉంటే చర్మం డాక్టరుకి చూపించండి, పాలిస్తుంటే ఆ సంగతీ చెప్పండి. కాన్పుకీ కాన్పుకీ ఎడం కోసం మాత్రలు వేసుకోవాలనుకుంటే, కడుపుతో ఉన్నప్పుడు మంగు వచ్చిందని డాక్టరమ్మకి తప్పకుండా చెప్పండి. కొన్ని రకాల మాత్రలతో అది మళ్ళీ వస్తుంది, మీకు వేరే పద్ధతి సూచిస్తారు.